తిని వచ్చారు

మా ల్యాబులో ఒక రబ్బరు స్టాంపు ఉంది. "తిని వచ్చారు. మళ్లీ రావాలి" అని పడుతుంది. పంతొమ్మిదేళ్లుగా కాగితాల మీద కొట్టీ కొట్టీ దాని అంచులు అరిగిపోయాయి. దాన్ని కొట్టే మనిషి మోకాళ్లు కూడా అరిగిపోయాయి. ఆ మనిషి సంగతే చెబుదామని కూర్చున్నాను. అన్నీ మంచి మాటలే చెప్పాలనుకున్నాను గాని, అలా కుదిరేట్టు లేదు.

పిల్లల ఆసుపత్రి ఇది. పొడుగాటి వరండా చివర మా ల్యాబు, రెండు గదులు. ముందు గదిలో రక్తం తీస్తారు, వెనక గదిలో పరీక్షలు చేస్తారు. రెండింటికీ మధ్య గోడకు కన్నం కొట్టి ఒక కిటికీ పెట్టారు. వెనక గదిలో ఆ కిటికీ దగ్గర కూర్చుని రిపోర్టులు టైపు చేసేవాణ్ణి నేను. నా కుర్చీ పక్కనే, కిటికీకి అవతల, మంచినీళ్ల కుళాయి. ఎవరి రక్తంలో ఏముందో, ఎవరు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారో రెండూ నాకు తెలుస్తాయి. తెలిసి ఉద్ధరించింది మాత్రం ఏమీ లేదు.

రక్తం తీసే ఆవిడను పిల్లలందరూ దోమత్త అంటారు. ఆ పేరు ఏ పిల్ల పెట్టిందో గాని ఆమెకు కోపం రాలేదు సరికదా, సూది గుచ్చే ముందు ముక్కుతో "జూయ్" మని దోమలా కూత పెట్టేది. ఏడుస్తున్న పిల్ల ఆ కూతకు ఆశ్చర్యపోయి ఒక్క క్షణం నోరు మూస్తుంది. ఆ క్షణంలోనే సూది లోపలికి పోతుంది, పని అయిపోతుంది. ఆ చేతిలో ఉన్న నేర్పు ఇంకెవరికీ లేదు. లేదు కాబట్టే ఆమెకు సెలవు లేదు. రెండో టెక్నీషియన్ వచ్చాక చూద్దాం అని పైవాళ్లు ఆరేళ్లుగా చెబుతున్నారు. సెలవు చీటీ ఒకటి తారీఖు వేయకుండా రాసి పెట్టుకుంది, అది సొరుగులో పసుపు రంగుకు తిరిగింది. ఇంటి దగ్గర మంచం పట్టిన అత్తగారు. పొద్దున్నే ఆమెకు స్నానం చేయించి, తినిపించి, పక్క మార్చి వస్తుంది. సాయంత్రం వెళ్లి మళ్లీ అదే పని. "ఇక్కడ నేను దోమను, అక్కడ ఈగను. వాలడమే గాని కూర్చోవడం లేదు" అనేది. నాకంటే నాలుగేళ్లే పెద్ద. నేనూ దోమత్త అనే అంటాను. ఆమె నన్ను తమ్ముడూ అంటుంది.

బుధవారం షుగర్ పిల్లల రోజు. పెద్దవాళ్లకు వచ్చే షుగర్ కాదిది. ఈ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారు కాదు. తిన్నది ఒంటికి పట్టాలంటే రోజుకు నాలుగు సూదులు పొడుచుకోవాలి, బతికినన్నాళ్లూ. ఐదేళ్ల పిల్లకైనా అంతే. ఏడాదికోసారి వీళ్లకు కొవ్వు పరీక్ష చేస్తారు, రక్తంలో కొలెస్ట్రాల్ ఎంత, ట్రైగ్లిజరైడ్లు ఎంత అని. "బక్క పిల్లలకు కొవ్వు పరీక్ష ఏమిటండీ, చోద్యం!" అని ప్రతి తల్లీ అడుగుతుంది. చక్కెర ఏళ్ల తరబడి రక్తనాళాలను గీకుతూ ఉంటుంది, దానికి కొవ్వు కూడా తోడైతే ముప్పై ఏళ్లకే గుండె మీదికి వస్తుంది, అందుకని ముందు నుంచే కనిపెట్టుకుని ఉండాలి అని డాక్టరమ్మ చెబుతుంది. తల్లులు తల ఊపుతారు. చూసుకోవలసిన వాటిలో ఇంకొకటి చేరింది అని వాళ్ల మొహాల్లో కనిపిస్తుంది.

ఆ పరీక్షకు పరగడుపున రావాలి. తీసిన రక్తాన్ని ట్యూబులో పోసి మిషన్‌లో గిరగిరా తిప్పితే ఎర్రది అడుక్కి పోతుంది, పైన ఎండుగడ్డి రంగు నీరు తేటగా తేలుతుంది. అదే సీరం. ఎప్పుడైనా ఆ నీరు తేటగా కాకుండా తెల్లగా, పాలలా తేలుతుంది. రక్తంలో కొవ్వు నిండిపోయిందన్న మాట. పిల్లల్లో అలా కనిపిస్తే వాళ్లు దారిలో ఏదో తిన్నట్టే లెక్క. దోమత్తకు పని నేర్పిన ముసలాయన చెప్పిన సూత్రం అది. "పాలు కనిపిస్తే పంపెయ్" అని ఒక్క ముక్క చెప్పి, స్టాంపు చేతిలో పెట్టి ఆయన రిటైరైపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ స్టాంపు అంటే ఆమెకు కాస్త గర్వం కూడా. తల్లులు అబద్ధాలాడతారు, అమ్మమ్మలు కొంగు చాటున బిస్కెట్లు పెడతారు, పిల్లలు సంచిలో చెయ్యి పెట్టి నమిలేస్తారు. అందరి గుట్టూ ట్యూబులో బయటపడుతుంది. "నోరు అబద్ధం చెబుతుందేమో గాని, నెత్తురు చెప్పదమ్మా" అని ఆమె ట్యూబు ఎత్తి చూపించేది. వరండాలో కూర్చున్నవాళ్లంతా నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. స్టాంపు పడిందంటే ఆ కాగితంలో ఉన్న పరీక్షలన్నీ ఆగినట్టే. పాల లాంటి సీరం పెడితే పరీక్ష చేసే మిషన్ తికమక పడి తప్పుడు అంకెలిస్తుందని మొత్తం కాగితమే వెనక్కి ఇచ్చేసేవాళ్లం. ఒక్క అంకె కూడా డాక్టరమ్మ దాకా వెళ్లేది కాదు. రిపోర్టు లేనిదే డాక్టరమ్మ చూడదు. రెండు వారాల తర్వాత మళ్లీ రావాలి.

ఒక బుధవారం ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి పెద్ద లాండ్రీలో హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిరి తగిలి తగిలి చేతుల మీద చర్మం ఉడికిన రంగులో ఉంటుంది. పూట సెలవు అడిగి వచ్చింది, ఆ అడగడంలోనే సగం ప్రాణం పోయినట్టుంది. కూతురికి పదమూడేళ్లు. తల్లి కంటే రెండంగుళాలు పొడుగు. అయినా తల్లి ఆ పిల్లను పొట్టీ అనే పిలుస్తుంది. ఏడేళ్లప్పుడు వచ్చింది షుగర్. అప్పటి నుంచి మాకు తెలిసిన పిల్లే. రోజూ కొలిచిన షుగర్ అంకెలు నోటుపుస్తకంలో ముత్యాల్లా రాసుకొస్తుంది. ఆ పుస్తకం చూసి మిగతా తల్లులు తమ పిల్లల నెత్తి మీద మొట్టేవారు.

దోమత్త ముందు వేలి మీద చిన్న చుక్క తీసి మీటరులో చూసింది. మూడు వందల పద్దెనిమిది.

"ఏం తిన్నావే పొట్టీ?" అంది.

"ఏమీ తినలేదు."

"మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదండీ, నా ముందే ఉంది" అంది తల్లి.

దోమత్త జూయ్ మంది, రక్తం తీసింది, ట్యూబు తిప్పింది. కాసేపటికి కిటికీ దగ్గరికి వచ్చి ట్యూబు వెలుతురుకు ఎత్తింది. ఎర్రటి దాని మీద రెండు వేళ్ల మందాన తెల్లగా పాలు.

"ఇదిగో, అమ్మకి చూపించు" అంది. "నోరు అబద్ధం చెబుతుందేమో గాని..."

వరండాలో ఎవరో అప్పుడే నవ్వడం మొదలెట్టారు. పొట్టి తల్లి వంక చూసింది, ట్యూబు వంక చూసింది. కొంచెం సేపు ఆలోచించింది. ఆలోచించింది అని ఇప్పుడు నాకు తెలుస్తోంది, అప్పుడు సిగ్గు అనుకున్నాను.

"బన్ను తిన్నాను. బస్టాపు దగ్గర" అంది.

తల్లి దాని చెంప ఛెళ్లుమనిపించింది. కొట్టి, కొట్టిన చేతిని తనే పట్టుకుని నిలబడింది. "మళ్లీ ఇంకో పూట సెలవు అడగాలి కదే నేను" అంది, ఏడుపు గొంతుతో. దోమత్త స్టాంపు కొట్టింది. నేను రిజిస్టరులో రాశాను, తిని వచ్చారు అని. దొంగే ఒప్పుకున్నాక ఇంకా అనుమానం ఎవరికి ఉంటుంది? మీటరు అంకె, పాల ట్యూబు, పిల్ల ఒప్పుకోలు, మూడూ ఒకే మాట మీద ఉన్నాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మాకు తెల్లగా కనిపించిన ప్రతిదీ బన్నే.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. పిల్ల చిక్కిపోయింది. గౌను భుజాల మీద నుంచి జారుతోంది. ఎదిగే వయసు అనుకున్నాను. వంతు వచ్చేలోగా ఆరుసార్లు నా పక్క కుళాయి దగ్గరికి వచ్చి నీళ్లు తాగింది. నేను లెక్కపెట్టాను కూడా. ఉక్కగా ఉంది కదా అనుకున్నాను. షుగర్ పిల్ల ఆపకుండా నీళ్లు తాగుతుంటే దాని అర్థం ఏమిటో ఈ ఆసుపత్రి తుడిచే ఆయాకు కూడా తెలుసు. కళ్లెదుట ఉన్నది చూడకపోవడానికి నాకు చాలా ఏళ్ల అనుభవం ఉంది.

మీటరులో మూడు వందల తొంభై ఆరు. ట్యూబు తిప్పితే ఈసారి పాలు ఇంకా చిక్కగా ఉన్నాయి.

"ఇవాళేం తిన్నావు?" అంది దోమత్త. ఆమె గొంతులో హాస్యం లేదు, కోపమూ లేదు. రాత్రంతా అత్తగారికి దగ్గు, నిద్ర లేదట. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"కేకు" అంది పొట్టి.

ఈసారి తల్లి కొట్టలేదు. బెంచీ మీద కూలబడింది. కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"వంటగదికి తాళం వేశానండీ. ఇదిగో చెవి. బయటికి పోకుండా రాత్రి దాని పక్కనే పడుకున్నా. పొద్దున్నుంచీ దాని చెయ్యి వదల్లేదు. మా ఇంట్లో కేకు ఎక్కడిదండీ? గాల్లోంచి తెచ్చుకుందా? ఇంక నావల్ల కాదు. దాని పక్కన పడుకుంటే నాకు నిద్ర కూడా పట్టలేదు. దాని దిండు ఒకటి, రెండుసార్లు ఉతికాను, అయినా ఆసుపత్రి కంపు పోదు. రోజుకు వెయ్యి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తానా, ఎలాంటి మరకైనా, ఎలాంటి వాసనైనా వదలగొడతాను. అది మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది."

దోమత్త అప్పటికే స్టాంపును సిరాపెట్టెలో అద్ది ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"ఆసుపత్రి కంపంటే?"

"అదేనండీ, సూది మందు వాసన. గాయానికి కట్టు కట్టినప్పుడు వస్తుందే, అలాంటిది."

ఇన్సులిన్‌కు ఒక వాసన ఉంటుంది. సీసా పగిలినప్పుడు గది గదంతా వస్తుంది. ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. దోమత్త స్టాంపును మెల్లగా బల్ల మీద పెట్టింది. పొట్టి చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకువచ్చింది, నా కుర్చీకి మూడడుగుల దూరంలోకి. తలుపు వేసింది. నేను లేవబోతే ఉండు అన్నట్టు చెయ్యి ఊపింది.

"సూది దిండుకి వేస్తున్నావా?"

పిల్ల తలుపు వైపు, అమ్మ ఉన్న వైపు చూసింది.

"నేను అమ్మని కాదు, డాక్టరుని కాదు. దోమని. చెప్పు."

"రోజూ కాదు" అంది పొట్టి, నేల చూస్తూ. "ముందు ఆదివారం ఒక్కటే అనుకున్నా. బడికి సెలవుంది, అమ్మకి కూడా అప్పుడప్పుడూ ఉంటుంది. దీనికి లేదు. రోజుకి నాలుగు. జ్వరమొచ్చినా నాలుగే. పుట్టినరోజైనా నాలుగే. ఒక్క రోజు సెలవు తీసుకుందామనుకున్నా. ఏమీ కాలేదు. తర్వాత వారం రెండు రోజులు తీసుకున్నా. తర్వాత..."

"అమ్మ వాడేసిన సిరంజీలు లెక్కపెడుతుంది కదా?"

"అందుకే దిండులోకి. సిరంజీ వాడినట్టే ఉంటుంది, మందు అయిపోయినట్టే ఉంటుంది. పుస్తకంలో అంకెలు నేనే రాస్తా కదా."

ఆ ముత్యాల్లాంటి అక్షరాలు గుర్తొచ్చాయి నాకు.

"మరి బన్ను తిన్నానని ఎందుకు చెప్పావే?" అంది దోమత్త.

పొట్టి మొదటిసారి తలెత్తింది. "మీరే అన్నారుగా అత్తా, తిన్నావని. మీకు తెలిసిపోయిందేమోనని ముందు భయం వేసింది. తీరా చూస్తే మీకు తెలీలేదు. బన్ను అంటే ఒక్క దెబ్బతో పోతుంది. సూది మానేశానంటే అమ్మ తట్టుకోలేదు."

తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. పంతొమ్మిదేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషిని ఒక పిల్ల ఆమె అందించిన అబద్ధంతోనే పట్టేసింది. నిజానికి అబద్ధం పొట్టిది కాదు. రెండుసార్లూ నెత్తురు నిజమే చెప్పింది. మేమే దానికి వేరే అర్థం చెప్పాం.

దోమత్త ఆ పిల్ల మొహానికి దగ్గరగా వంగి, ఊపిరి వాసన చూసింది. మాగిపోయిన పండు వాసన. ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వును తనే కరిగించుకుని తింటున్నప్పుడు వచ్చే వాసన అది. ఆ కరిగిన కొవ్వే రక్తంలోకి వచ్చి పాలలా తేలుతోంది. ఇంకో రెండు రోజులు ఇలాగే పోతే పిల్ల స్పృహ తప్పేది. ఆ తర్వాత మాట నేను రాయను.

మోకాళ్ల నొప్పితో వరండాలో నడవలేక గోడ పట్టుకునే మనిషి, పదమూడేళ్ల పిల్ల చెయ్యి చంకలో ఇరికించుకుని మెట్లెక్కి వార్డులోకి పరిగెత్తింది. కిందికి వచ్చి ఆ పాల ట్యూబును పారేయకుండా, పలచన చేసి, పరీక్ష మిషన్‌లో పెట్టింది. నూట యాభై దాటకూడని ట్రైగ్లిజరైడ్లు పద్దెనిమిది వందల నలభై ఉన్నాయి. అంత అంకె పిల్లల రిపోర్టులో నేను ఎన్నడూ టైపు చేయలేదు. చేయలేదంటే, ఎన్నడూ మిషన్ దాకా పోనివ్వలేదు.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. పిల్లకు సెలైను, ఇన్సులిన్ ఎక్కుతున్నాయి. "రెండు వారాల కిందట ఈ అంకె నా దగ్గరికి వచ్చి ఉంటే, ఇవాళ వార్డు దాకా వచ్చేది కాదు" అంది చివరికి. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఒక బన్ను తింటే పిల్లల సీరం ఇంత తెల్లగా అవుతుందని ఎవరు చెప్పారు మీకు?"

దోమత్త ఆ ముసలాయన పేరు చెప్పలేదు. "నేనే అనుకున్నానమ్మా" అంది.

తల్లికి చెప్పడం ఇంకా కష్టమైంది. వరండాలో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు ఇద్దరూ. నేను నీళ్ల గ్లాసు తీసుకెళ్లాను. దోమత్త ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దిండు సంగతి, బన్ను సంగతి, స్టాంపు సంగతి. ఆ తల్లి గొడవ చేస్తుందనుకున్నాను. గొడవ చేసే హక్కు ఆమెకు ఉంది. ఆమె తన చెయ్యి చూసుకుంటూ కూర్చుంది, చెంప మీద కొట్టిన చెయ్యి.

"తినని బన్నుకి కొట్టానన్న మాట" అంది. "సెలవు కావాలందా?" అంది. గ్లాసు అందుకుని, "నాక్కూడా అనిపిస్తుందండీ. ఎవర్ని అడగాలో తెలీక ఊరుకుంటా" అంది.

దోమత్త ఏడ్చింది. మా ల్యాబు మనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను. ముక్కు తుడుచుకుని, "నా సొరుగులో ఒకటి ఉంది, తారీఖు వెయ్యలేదు" అంది. తల్లికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

పొట్టి తొమ్మిది రోజులు వార్డులో ఉంది. రోజూ దోమత్తే రక్తం తీసింది, జూయ్ మనకుండా. మూడో రోజుకు ట్యూబులో పాలు పలచబడి కడుగునీళ్లలా అయ్యాయి. ఆరో రోజుకు మసక. ఎనిమిదో రోజుకు ఎండుగడ్డి రంగు తేట. ఆమె ఆ ట్యూబులన్నీ పారేయకుండా వరసగా పెట్టుకుని చూసుకునేది. పిల్లకు ఏమీ కాలేదు. ఏమీ కాలేదు అని రాయడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ముందర తల్లి ఒక మాట అంది. ఆదివారం సూదులు తనవట. కొలవడం, రాయడం, లెక్క కట్టడం, పొడవడం అన్నీ తనే చేస్తుంది. పొట్టి చెయ్యి చాపి అటు తిరిగి కూర్చుంటే చాలు, ఆలోచించక్కర్లేదు. "సూదికి సెలవు లేదు గాని, నీకు ఉంటుంది" అంది. పొట్టి లేచి తల్లి చేతిలోని సంచి తీసుకుని తను మోసింది, అంతే. ఆ రోజే డాక్టరమ్మ మాకు కూడా ఒక మాట చెప్పింది. షుగర్ పిల్లలు తిని వచ్చినా తినకపోయినా, ట్యూబు ఏ రంగులో ఉన్నా, అంకె తన దగ్గరికి రావలసిందే. స్టాంపు పెద్దవాళ్ల కాగితాలకు వాడుకోమని పక్క ఆసుపత్రి వాళ్లకు ఇచ్చేద్దామా అన్నాను నేను. దోమత్త నవ్వలేదు.

మూడు నెలల తర్వాత ఒక బుధవారం. తల్లీ కూతురూ వచ్చారు. పొట్టి కాస్త ఒళ్లు చేసింది. నోటుపుస్తకంలో అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయి, నూట ఎనభైలు, రెండు వందల పదులు, మధ్యలో ఒక అరవై రెండు. ఆదివారం గళ్లలో తల్లి చేతిరాత. ఆ గజిబిజి చూసి దోమత్త మొహం విప్పారింది. అన్నీ నిజం అంకెలే.

రక్తం తీసింది. ట్యూబు తిప్పింది. అది తిరుగుతుండగా పొట్టి నా కిటికీ దగ్గరికి వచ్చి దోమత్తతో గొంతు తగ్గించి, "అత్తా, ఒకటి చెప్పనా? ఇవాళ నిజంగానే తిన్నా" అంది.

"ఏం తిన్నావు?"

"బన్ను. బస్టాపు దగ్గర. సూది వేసుకునే తిన్నాలెండి. అమ్మే కొనిచ్చింది. ఆకలేసింది."

తల్లి వెనక నుంచి, "పరగడుపున రానక్కర్లేదన్నారు కదాని..." అంటూ భయంగా చూసింది. దోమత్త పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్ని నెలలైందో ఆ గదిలో నవ్వు విని.

మిషన్ ఆగింది. దోమత్త ట్యూబు తీసి అలవాటుగా వెలుతురుకు ఎత్తింది. తేటగా ఉంది. దాని వెనక గోడ మీద క్యాలెండరు అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వాళ్లు వెళ్లిపోయారు. దోమత్త ఇంకా ఆ ట్యూబు పట్టుకునే ఉంది. తర్వాతి పిల్లను పిలవమని నేను రెండుసార్లు అన్నాను. వినలేదు.

"తమ్ముడూ" అంది. "బన్ను తింటే ఇంతేనా?"

డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. కానీ ఒకరు చెబితే వినడం వేరు, చేతిలో బన్ను తిన్న పిల్ల నెత్తురు పట్టుకుని చూడడం వేరు.

"పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయి?"

"అటక మీద. ఏ ఏడాదివి కావాలి?"

"అన్నీ."

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరం కూర్చున్నాం. దుమ్ముకు ఆమెకు తుమ్ములు, నాకు దగ్గు. షుగర్ పిల్లల పేర్లు మాత్రమే చదవమంది. ఒక్కొక్క పేరు చదివి, స్టాంపు ఎన్నిసార్లు పడిందో, ఆ తర్వాత పిల్ల ఎప్పుడు వచ్చిందో చెబుతున్నాను, ఆమె రాసుకుంటోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అందామనుకున్నాను. ఆమె మొహం చూసి తర్వాతి పేరు చదివాను.

మొదటి రిజిస్టరు నాలుగో పేజీలో ఒక పేరు. తొమ్మిదేళ్ల పిల్ల. స్టాంపు అప్పుడు కొత్తది, అక్షరాలు ఎంత చక్కగా పడ్డాయో. తిని వచ్చారు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే పేరు, మళ్లీ అదే స్టాంపు. పక్కన దోమత్త చేతిరాతతో చిన్నగా, "తల్లి ఒప్పుకోలేదు, గొడవ చేసింది" అని ఉంది.

"మళ్లీ ఎప్పుడొచ్చింది?" అంది కలం పట్టుకుని.

పేజీలు తిప్పాను. ఆ ఏడాది అయిపోయింది. తర్వాతి రిజిస్టరు తీశాను, దాని తర్వాతిది కూడా తీశాను. ఆ పేరు మళ్లీ ఎక్కడా లేదు.